నల్ల తిండి, తెల్ల ట్యూబు

సాయంత్రం ఆరు దాటాక మా మందుల షాపుకొచ్చే ఆడవాళ్లలో కొందరు చీటీ తేరు. పక్కన మగవాళ్లెవరైనా ఉంటే వాళ్లు వెళ్లేదాకా కొంగు సర్దుకుంటూ, తలనొప్పి బామ్ ధర అడుగుతూ కాలక్షేపం చేస్తారు. కౌంటర్ ఖాళీ అయ్యాక గొంతు తగ్గించి, "అప్పా, మొహానికి రాసుకుంటారే... ఆ ట్యూబు" అంటారు. ఒడియా వాళ్లయితే "గొరా హెబా క్రీమ్" అంటారు. రెండింటికీ అర్థం ఒకటే, తెల్లబడాలి.

మాది పర్లాకిమిడి. లెక్కకి ఒడిశా, గజపతి జిల్లా. కానీ బస్సెక్కి సర్దుకుని కూర్చునేలోపు పాతపట్నం వచ్చేస్తుంది, అది ఆంధ్రా. గిడుగు రామమూర్తిగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి మా తెలుగుకి మేం ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోం. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, ఆఫీసుకెళ్తే ఒడియా. నేను టెక్కలి వైపు పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చాను. ఫార్మసిస్టు మా ఆయన. ఆయన భోజనానికి వెళ్లినప్పుడూ, సాయంత్రం రద్దీలోనూ నేను కూర్చుంటాను. డాక్టర్ని కాదు. కౌంటర్ వెనకాల ఇరవై ఏళ్లు నిలబడ్డాను, అంతే. అంతసేపు నిలబడితే ఎవరి ఒంట్లో ఏముందో తెలియకపోయినా, ఎవరి మనసులో ఏ భయం ఉందో మాత్రం తెలిసిపోతుంది.

ఆ ట్యూబులు నేనూ అమ్మాను. ఇది ముందే చెప్పేస్తే నయం.

వాటిలో ఉండేది సాధారణంగా మూడు మందుల మిశ్రమం. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటికి తోడు మొమెటసోన్ లాంటి ఒక స్టెరాయిడ్. మంగు మచ్చలకి చర్మం డాక్టరు కొన్ని వారాల పాటు, తన కంటి ముందు ఉంచుకుని వాడించే మందు. దాన్ని మనవాళ్లు స్నోలాగా పొద్దునా రాత్రీ పూస్తారు. వారం పది రోజుల్లో మొహం తేటపడుతుంది. అక్కడే దొరికిపోతారు. నెలలు గడిచేకొద్దీ స్టెరాయిడ్ చర్మాన్ని పల్చన చేస్తుంది. మొటిమలు, సన్నటి వెంట్రుకలు, ఎండలోకి వెళ్తే మంట. మానేద్దామంటే మొహమంతా ఎర్రగా పొంగుతుంది కాబట్టి మళ్లీ అదే ట్యూబు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో పెట్టి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. ఆ మర్నాటి నుంచే మేం మానేశామని చెప్తే అబద్ధమవుతుంది. "మనం ఇవ్వకపోతే పక్కవాడు ఇస్తాడు" అన్న మాట మా ఇంట్లోనూ వినపడింది. అన్నది ఎవరో చెప్పను, ఇంట్లో మేం ఉండేది ఇద్దరమే.

నేను మానింది గాజుల వదిన వల్ల. మా షాపుకి ఎదురుగా గాజుల కొట్టు ఆమెది. కింద కొట్టు, మేడ మీద ఇల్లు. మూడేళ్లు మా దగ్గరే ట్యూబు కొంది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం వచ్చి, "వదినా, పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నాను, మొహం మండిపోతోంది" అంది. ట్యూబులైటు కిందకి రమ్మని చూశాను. బుగ్గల మీద సన్నటి ఎర్ర గీతలు, తమలపాకు వెనక్కి తిప్పితే కనిపించే ఈనెల్లాగా. పై చర్మం ఉల్లిపొరలా మెరుస్తోంది. ఆ మెరుపే ఆమెకి మొదట్లో నచ్చింది.

అప్పుడే ఇంకోటి కూడా చూశాను. కింది కనురెప్ప లోపల ఎరుపు లేదు, సున్నం వేసిన గోడలా ఉంది. మూడేళ్లుగా ఆ మొహానికి మందు అమ్ముతున్న దాన్ని, ఆ కంటిని ఒక్కసారి చూడలేదు.

నాకు కోపం తెప్పించే సంగతి ఇదే. ఆడవాళ్ల చర్మం గురించి మాట్లాడాల్సి వస్తే మనం రంగు దగ్గర మొదలుపెట్టి రంగు దగ్గరే ఆగిపోతాం. ఆ రంగు భయం క్రీముల దగ్గర కూడా ఆగలేదు, వంటింట్లోకి వచ్చి కూర్చుంది. చర్మానికి నిజంగా పనికొచ్చే తిండిలో సగం నల్లగా ఉంటుందని దాన్ని మన కంచంలోంచి తోసేసింది. ట్యూబు కొనే ఆడదానికీ, చోడి (రాగి) అంబలి మానేసిన ఆడదానికీ ఉన్నది ఒకే జబ్బు.

నా సంగతే చెప్తాను. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు మా అత్తగారు పెట్టిన జాబితా ఇది: చోళ్లు వద్దు, నేరేడు పళ్లు వద్దు, నల్ల ద్రాక్ష వద్దు, నువ్వుల ఉండలు అసలే వద్దు. బిడ్డ నల్లగా పుడుతుంది. దానికి బదులు బరంపురం నుంచి ఎవరి చేతో తెప్పించిన కుంకుమపువ్వు, ఇంత చిన్న డబ్బాలో, బంగారం దాచినట్టు బీరువాలో దాచి, రోజుకి రెండు రేకలు లెక్కపెట్టి పాలల్లో వేసేది. ప్రేమగానే చేసింది. అందులో అనుమానం లేదు. అయితే ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు కూడా ఆ జాబితాలోకే ఎక్కాయి. "ఆ మాత్ర ఏసుకుంటే విరేచనం నల్లగా అవుతాది సూడు, కడుపులో పిల్లకి ఆ నలుపు అంటదా?" అనేది. లాజిక్ కాదనలేం! నిజానికి ఒంటికి పట్టని ఐరన్ బయటికి పోయేటప్పుడు అలా నల్లగా కనిపిస్తుంది. బిడ్డ దాకా నలుపు వెళ్లే దారే లేదు. నాకు ఆ ముక్క తెలియదు, తెలిసిన మా ఆయన వాళ్లమ్మ ముందు నోరెత్తలేదు. మాత్రలు బియ్యం డబ్బాలో పడి ఉండేవి. ఎనిమిదో నెలలో రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. గర్భిణికి 11 ఉండాలి. కాన్పుకి ముందు రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు.

పిల్ల పుట్టింది. అచ్చం మా అత్తగారి రంగు.

ఒంటి రంగు మెలనిన్ అనే రంగు పదార్థం పని. అది ఎంత తయారవ్వాలో అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువులు, ఎండ, కొంత హార్మోన్లు నిర్ణయిస్తాయి. నల్ల చోడి తింటే మెలనిన్ పెరగదు, తెల్ల పాలు తాగితే తగ్గదు. తిండి రంగు చర్మానికి ఎక్కిన సందర్భం నాకు ఒక్కటే తెలుసు. ఎవరో చెప్పారని నెలల తరబడి పూటకో గ్లాసు క్యారెట్ రసం తాగిన ఒకమ్మాయి అరచేతులు పసుపు పచ్చగా అయిపోయి, పచ్చకామెర్లని ఏడుస్తూ వచ్చింది. కళ్లు తెల్లగానే ఉన్నాయి. కామెర్లయితే కళ్లు పచ్చబడేవి. అది క్యారెట్‌లోని కెరోటిన్, రసం ఆపితే పోతుంది, పోయింది కూడా. అందం కోసం తాగిన దాని వల్ల వచ్చిన రంగు అదొక్కటే.

రంగు మారదు సరే, మరి తిండికీ చర్మానికీ సంబంధమే లేదా? చాలా ఉంది. మనం వెతికే చోట లేదు, అంతే.

రక్తం తక్కువైన ఆడవాళ్ల మొహం చూడండి. కళకళలాడటం లేదు అంటాం కదా, ఆ కళ క్రీములో దొరికేది కాదు, చర్మం కింద పారే రక్తానిది. పెదవి చివర్లు చిట్లడం, జుట్టు దువ్వెనకి ఉండలుగా రావడం, గోళ్లు పెళుసెక్కి ముదిరితే గరిటెలా గుంట పడటం. వీటికి ఇనుము లోపం ఒక ముఖ్యమైన కారణం. పెదవి చిట్లడానికి బి విటమిన్ల లోపం కూడా తోడవుతుంది. వీటన్నిటికీ నా కౌంటర్ దగ్గర అడిగేది మాత్రం లిప్ బామ్, హెయిర్ ఆయిల్, "గోళ్లకి ఏదైనా మంచిది". 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత దేశంలో నూటికి 57 మందికి ఉందని తేలింది. ఒడిశాలో 64.3 శాతం, ఆంధ్రాలో 58.8 శాతం. సరిహద్దుకి ఇటు ఉన్నా అటు ఉన్నా మనలో సగానికి పైగా అదే బాపతు. అంత మందికి ఉన్న జబ్బు జబ్బులా కనిపించదు. "ఆడవాళ్లకి నీరసం మామూలే" అన్న మాట అలాగే పుట్టి ఉంటుంది.

హైదరాబాద్ పోషకాహార సంస్థ వాళ్ల 2020 లెక్క ప్రకారం ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాళ్లకి 19 చాలు. నెలనెలా పోయే రక్తం ఉంది కదా మరి. ఇప్పుడు మీ ఇంట్లో చేపల కూర వండిన రోజు గుర్తు చేసుకోండి. పెద్ద ముక్క ఎవరి కంచంలో పడుతుంది, తల, పులుసు ఎవరికి మిగులుతాయి?

ఇక చోళ్లు. మైదానం వాళ్లు రాగులంటారు, ఒడియాలో మాండియా. మా టెక్కలి ఇంట్లో అమ్మ రాత్రి పడుకోబోయే ముందు చోడిపిండిని నీళ్లలో కలిపి మట్టికుండలో మూతపెట్టేది. పొద్దుటికి చిన్న చిన్న బుడగలు వచ్చి, పులుపు వాసన వేసేది. నూకలు ఉడుకుతుంటే ఆ పులిసిన పిండి పోస్తూ కర్రగరిటెతో ఒకే వైపు తిప్పుతూ ఉండేది. రెండో వైపు తిప్పితే ఉండలు కడుతుందని నమ్మకం. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ. ఎండు మెత్తళ్లు, అవే చిన్న ఎండుచేపలు, నిప్పుల మీద కాల్చి పెడితే ఇక ఆ రోజుకి బడిలో ఏ పాఠం చెప్పినా బుర్రకెక్కేది. ముల్లుతో సహా నమిలే ఆ మెత్తళ్లలో కాల్షియం ఉందని ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది.

వంద గ్రాముల చోళ్లలో కాల్షియం దాదాపు 360 మిల్లీగ్రాములు. పాలిష్ బియ్యంలో పదికి అటూ ఇటూ. తేడా అంత. కానీ ఈమధ్య యూట్యూబులో చోళ్లు తింటే రక్తం పట్టేస్తుందని ఊదరగొడుతున్నారు, అది సగం నిజం. చోళ్లలో ఇనుము నాలుగైదు మిల్లీగ్రాములే. పైగా ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. పిండిని పులియబెడితే ఆ ఫైటేట్లు తగ్గుతాయి. అమ్మ కుండ మూత పెట్టడంలో ఉన్న తెలివి అదీ! చోడి బిస్కెట్లలో ఆ పులియబెట్టడం లేదు, పైగా మైదా, పంచదార కలుస్తాయి. ప్యాకెట్ మీద పొలం బొమ్మ మాత్రం ఉంటుంది.

ఒకే ధాన్యాన్ని నమ్ముకుని బతికితే ఏమవుతుందో కూడా చర్మమే చెప్పింది. పెల్లగ్రా అనే జబ్బు ఉంది. ఎండ తగిలే చోటల్లా, మెడ చుట్టూ హారం వేసినట్టు చర్మం నల్లబడి పొరలు లేస్తుంది. నయాసిన్ అనే బి విటమిన్ లోపం. పద్దెనిమిదో శతాబ్దంలో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు మొక్కజొన్న తినే పేదల్లో చూశాడు. మన దగ్గర 1960 ప్రాంతంలో హైదరాబాద్‌లో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠియా జొన్నే ప్రధానంగా తినే దక్కన్ పేదల్లో దాన్ని పరిశోధించారు. కాబట్టి చిరుధాన్యం అనగానే చేతులు జోడించక్కర్లేదు. పక్కన పప్పు, ఆకుకూర, చేపో గుడ్డో ఉన్నప్పుడే ఏ ధాన్యమైనా మంచిది.

చోళ్లు పోవడానికి రంగు భయం ఒక్కటే కారణమని కూడా అనను. ఆంధ్రాలో 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఒడిశాలో 2013 నుంచి రూపాయికే కిలో ఇచ్చారు. ఆకలి తీర్చిన బియ్యాన్ని తిట్టే హక్కు కడుపు నిండినవాళ్లకి లేదు. కానీ తెల్ల అన్నం తినడం గొప్పింటి లక్షణం అన్న భావన బియ్యం కంటే ముందే ఉంది. మా అత్తగారు అంబలి తాగేటప్పుడు ఎవరైనా వస్తే గిన్నె కొంగు కింద పెట్టేది. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టినప్పుడు మా గజపతి జిల్లాని కూడా అందులో చేర్చింది. సంతకి కొండ మీంచి దిగే సవర ఆడవాళ్లు ఆ చోళ్లని, సామల్ని ఎప్పుడూ వదిలేయలేదు. మనమే "కొండోళ్ల తిండి" అన్నాం. ఇప్పుడు అదే తిండి భువనేశ్వర్‌లో గాజు సీసాలో దొరుకుతోంది.

మెడ సంగతి చెప్పాలి. ఇది చదివేవాళ్లలో తల్లులుంటే మిగతాదంతా వదిలేసినా ఇది చదవండి.

మా మరిది కూతురు హాస్టల్లో చదువుకునేది. సెలవులకి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ దాన్ని పెరట్లో కూర్చోబెట్టి మెడ తోమేది. సున్నిపిండి, నిమ్మచెక్క, చివరికి కాళ్లు రుద్దుకునే రాయి. మెడ వెనకాల నల్లటి పట్టీ, ముట్టుకుంటే మఖ్మల్ గుడ్డలా మెత్తగా దళసరిగా ఉండేది. "ఇంత వయసొచ్చింది, ఒళ్లు తోముకోవడం రాదు" అని తిట్లు. పిల్ల జుట్టు వదిలేసి మెడ కప్పుకునేది. ఒకసారి చర్మం లేచిపోయి రక్తం వచ్చి మలాం కోసం నా దగ్గరికి తెచ్చారు. చూడగానే మా ఆయన, "అది మట్టి కాదు, తోమకండి, సుగర్ పరీక్ష చేయించండి" అన్నాడు. నిజంగానే సుగర్ హద్దు మీద ఉంది. నెలసరి మూడు నెలలకోసారి, గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు. పీసీఓడీ, అంటే అండాశయాల్లో హార్మోన్లు తేడా చేసే జబ్బు, అన్నారు బరంపురంలో.

ఆ నల్లపట్టీని అకాంతోసిస్ అంటారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక దాని మోతాదు పెరిగినప్పుడు చర్మ కణాలు అతిగా పెరిగి మెడ మీద, చంకల్లో అలా దళసరెక్కుతుంది. రాయితో రుద్దితే పోదు, రుద్దేకొద్దీ ఇంకా నల్లబడుతుంది. ఆ పిల్ల తినేదేమిటని అడిగితే, పొద్దున టీలో ఆరు బిస్కెట్లు, మధ్యాహ్నం అన్నం మీద పల్చటి పప్పు, సాయంత్రం నూడుల్స్, రాత్రి మళ్లీ అన్నం, మధ్యలో కూల్‌డ్రింక్. నడక లేదు. ఏడాది పట్టింది. డాక్టరు మందులతో పాటు బిస్కెట్లు ఆగాయి, అన్నం సగమై పప్పూ కూరా పెరిగాయి, రోజూ సాయంత్రం నడక. మెడ పూర్తిగా పోలేదు గానీ తేలికపడింది. జడ వేసుకుంటోంది. ఆ పిల్ల జడ చూసినప్పుడల్లా నాకు ఆ రాయి గుర్తొస్తుంది, వాళ్లమ్మకీ గుర్తొస్తుందనుకుంటాను.

మొటిమల విషయంలో మనవాళ్లు తిట్టేది నూనెని, వేరుశనగ గుళ్లని. నూనె వంటకాలే నేరుగా మొటిమలు తెస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. ఆధారం ఉన్నది తీపి మీద, గబుక్కున సుగర్‌ని పెంచే తిండి మీద. 2007లో ఆస్ట్రేలియాలో మొటిమలున్న 43 మంది కుర్రాళ్ల మీద 12 వారాల పరిశోధన అచ్చయింది. సుగర్‌ని నెమ్మదిగా పెంచే తిండి తిన్నవాళ్లకి మొటిమలు ఎక్కువ తగ్గాయి. అందరూ మగపిల్లలే! నెలసరికి ముందు గడ్డం మీద లేచే మొటిమల గురించి వాళ్లనేం అడుగుతాం? అయినా దారి చూపించే పరిశోధనే. కొందరికి పాలు ఎక్కువైనా మొటిమలు పెరుగుతాయంటారు. అది అందరికీ వర్తించదు కాబట్టి, నేనైతే పిల్లల పాలు ఆపమని ఎవరికీ చెప్పను. ముందు బిస్కెట్ డబ్బా మూత పెట్టమంటాను.

"గ్లోయింగ్ స్కిన్ కోసం పది ఆహారాలు" అని వాట్సాప్‌లో తిరిగే జాబితాలు చూస్తుంటాను. అవకాడో ఉంటుంది, బ్లూబెర్రీ ఉంటుంది. పర్లాకిమిడి మార్కెట్లో అవకాడో అడిగితే కూరగాయల అబ్బాయి నన్ను పైకీ కిందకీ చూశాడు. మన దగ్గర విటమిన్-సి కావాలంటే జామకాయ ఉంది, వంద గ్రాముల్లో 200 మిల్లీగ్రాములు దాటుతుంది, నారింజ దాని ముందు నిలవదు. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ తయారవ్వాలన్నా, ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలన్నా ఆ విటమిన్ ఉండాలి. ఎండాకాలం మొదట్లో జీడితోటల్లోకి వెళ్తే గింజ కోసుకుని పండుని కింద పారేస్తారు, చెట్ల కింద ఎర్రగా పసుప్పచ్చగా కుళ్లుతూ ఉంటాయి. ఆ జీడిమామిడి పండులోనూ నారింజని మించిన విటమిన్-సి ఉంది. గొంతు పడుతుందని తినం, ఉప్పు రాసుకుంటే తినొచ్చు.

జాబితాలన్నీ ఏం తినాలో చెప్తాయి. ఎప్పుడు, ఎవరి తర్వాత అన్నది ఒక్కటీ చెప్పదు. నా మటుకు అసలు గొడవంతా అక్కడే ఉంది.

నా కౌంటర్ దగ్గరికి మధ్యాహ్నం రెండున్నరకి నీరసమని వచ్చే ఏ ఆడదాన్నయినా "పొద్దున్నించి ఏం తిన్నావు?" అని అడగండి. టీ. ఐదింటికి ఒకటి, పిల్లలు బడికెళ్లాక ఒకటి, పదకొండుకి ఆకలేస్తే ఇంకోటి. భోజనం అందరిదీ అయ్యాక, అంటే మూడు. కూర అడుగంటిన గిన్నెలో అన్నం కలుపుకుని తింటుంది, గిన్నె తోమక్కర్లేదు కూడా కదా. తిన్న వెంటనే మళ్లీ టీ. టీలో ఉండే పదార్థాలు ఇనుముని పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. గంటసేపు ఆగి తాగితే ఆ నష్టం చాలా తగ్గుతుంది. టీ మానమంటే నన్ను షాపులోంచి గెంటేస్తారు కాబట్టి ఆ గంట గురించే చెప్తాను. కొట్లలో, సంతలో కూర్చునేవాళ్లు ఇంకో పని చేస్తారు. పొద్దున్నించి నీళ్లు తాగరు, మరుగుదొడ్డి లేదు కాబట్టి. నీళ్లు తాగితే మొహం మెరుస్తుందన్నది అంత నిజం కాదు గానీ, తాగకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరగడం నిజమే. ఆ మందులు నా దగ్గరే కొంటారు.

మా పక్కింటి ఒడియా మావుసీ ఇంట్లో జూన్ నడిమధ్యలో రజొ పండగ చేస్తారు. మిథున సంక్రాంతి చుట్టూ మూడు రోజులు భూదేవికి నెలసరి అని వాళ్ల నమ్మకం. నేల దున్నరు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు, రోలూ రుబ్బురోలూ ముట్టుకోరు. ముందే కాల్చి పెట్టుకున్న పొడొపిఠా కోసుకు తింటారు. మొదటి ఏడాది నేను గోడ మీంచి చూస్తూ, "పనులెవరు చేస్తారు మావుసీ?" అని అడిగాను. "భూమికే సెలవిచ్చాక నాకివ్వరా?" అంది. ఆ మూడు రోజులు ఆవిడ వేడివేడిగా, కూర్చుని, అందరితో పాటు తింటుంది. మిగతా 362 రోజులూ ఆవిడా మనలాగే, అబద్ధమెందుకు. కానీ ఆవిడ ఇంట్లో రోజూ ఏదో ఒక శాగొ వేగుతుంది. మునగాకో, తోటకూరో. మనం ఆషాఢంలో ఒక్కసారి మునగాకు వండి మొక్కు తీర్చేసుకుంటాం.

తిండితో పోని వాటికి తిండిని తిట్టడం కూడా అన్యాయం. పలాస వైపు జీడి పరిశ్రమలో పనికెళ్లే ఒకామె మా దగ్గర చేతికి మందు కొంటుంది. వేళ్ల చివర్లు బొగ్గులా నల్లబడి, పొరలు పొరలుగా లేచి, వేలిముద్ర పోయింది. రేషన్ మెషీన్ ఆమె వేలిని గుర్తుపట్టదు. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆమెకి జామకాయ తినమని చెప్పేంత తెలివితక్కువదాన్ని కాదు. ఆమెకి కావాల్సింది చేతికి తొడుగులు, వాటితోనూ గిట్టుబాటయ్యే కూలీ. అలాగే మంగు. అది ఎండ, కాన్పులు, కొందరికి గర్భం రాకుండా వేసుకునే మాత్రల వల్ల వస్తుంది. దానికి గొడుగు, సన్‌స్క్రీన్, చర్మం డాక్టరు. ఏ జావా దాన్ని చెరపలేదు.

గాజుల వదినని నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. రక్తం 8.2. డాక్టరమ్మ తిండి గురించి కాదు, ముందు నెలసరి ఎన్ని రోజులని అడిగింది. తొమ్మిది రోజులు, గడ్డలు గడ్డలుగా. ఏడాదిగా అంతే. ఎవరికైనా చెప్పావా అంటే, "ఇదేటి సెప్పుకుంటాం మేడమ్" అంది. మొహం తెల్లబడాలని ముగ్గురికి చెప్పుకోగలిగిన మనిషి ఇది ఒక్కరికీ చెప్పుకోలేదు. అక్కడ కారుతున్న కుండలో నేను ఎన్ని చెంబుల అంబలి పోస్తే ఏం లాభం! దానికి వైద్యం వేరే జరిగింది. ఐరన్ మాత్రలిచ్చారు. "నల్లగా వెళ్తుంది, భయపడకు, నిమ్మరసంతో వేసుకో, టీతో కాదు" అని నేను మూడుసార్లు చెప్పాను. ట్యూబు ఒక్కసారిగా ఆపకుండా చర్మం డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా మాన్పించాం. ఆ రెండు నెలలు మొహం చూడలేకపోయాం. కొట్టు తెరవడం మానేసింది. నన్ను తిట్టింది కూడా, "అమ్మింది నువ్వే, మానిపించేదీ నువ్వే" అని. సమాధానం చెప్పలేదు.

చోడి అంబలి అలవాటు చేస్తే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఇది తాగితే తెల్లబడతానా?"

"లేదు."

"మరెందుకు?"

ఆమెకి ఉండేది మేడ మీద ఇల్లని చెప్పాను కదా. పద్దెనిమిది మెట్లు. గాజుల పెట్టె చంకన పెట్టుకుని ఎక్కేటప్పుడు నాలుగో మెట్టు దగ్గర ఒకసారి, పదకొండో మెట్టు దగ్గర ఒకసారి గోడకి చేరబడి ఆగడం నా కౌంటర్‌లోంచి కనిపించేది. "మెట్లెక్కడానికి" అన్నాను. నవ్వింది గానీ తాగింది.

ఇదంతా అయి ఏడాది దాటింది. మొహం మీద ఆ ఎర్ర ఈనెలు పూర్తిగా పోలేదు, పోకపోవచ్చు. రంగు ఆమె రంగే. మొన్న ఆదివారం మేడ మీంచి పిలిచి, ఎండు మెత్తళ్లు వచ్చాయి, తీసుకెళ్దువు రా అంది. షాపు మూసి, పొద్దున్నించి మూడు టీలు తప్ప ఏమీ తినలేదన్న సంగతి మర్చిపోయి మెట్లెక్కాను. ఆమె పైన గుమ్మంలో నిలబడి చూస్తోంది.

నాలుగో మెట్టు దగ్గర గోడకి చేరబడి ఆగింది నేను.